కుట్టిన గుండీలు ఎక్కడికి పోతాయి?

ప్రియమైన అక్కకు,

ఏడాదికో ఉత్తరం రాసే బద్ధకస్తుణ్ణి, నెల తిరక్కుండా మళ్ళీ రాస్తున్నానంటే చిక్కులో పడ్డానని నీకు తెలిసిపోయే ఉంటుంది.

మా మనవరాలు పిచ్చుక రెండో తరగతికి వచ్చింది. బడి వదలగానే నా దర్జీ కొట్టుకొచ్చేస్తుంది. వాళ్ళమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా కత్తిరింపు బల్ల కింద కూర్చుని ఒకటే కబుర్లు. అక్కా, పొద్దుటినుంచి ఆ మూడు గంటల కోసమే మిషను తొక్కుతాను. ఇప్పుడు వాటికే ఎసరు పెట్టారు. కథలా చెప్పి అడిగే తీసివేత లెక్కల్లో దీనికి పదికి ఒకటొచ్చింది. వచ్చే పరీక్షలోనూ ఇంతే అయితే సాయంత్రాలు ట్యూషన్‌కి పంపేస్తానని మా అమ్మాయి తెగేసి చెప్పింది.

నిన్న నేనే కూర్చోబెట్టాను. "తాత దగ్గర పద్నాలుగు గుండీలున్నాయి. ఆరు చొక్కాకి కుట్టేశాడు. ఎన్ని మిగిలాయే?" అన్నాను.

"పద్నాలుగు."

"ఆరు కుట్టేశానన్నానుగా!"

"కుట్టినవి చొక్కాకే ఉన్నాయిగా తాతా. ఎక్కడికి పోయాయి?"

నా మట్టిబుర్రే దానికీ వచ్చినట్టుంది. ముప్ఫయ్యేళ్ళు చిన్నపిల్లలకి చదువు చెప్పినదానివి, ఏదో ఒక దారి చూపించు.

నీ దర్జీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఒరేయ్, అది తప్పేం చెప్పలేదు. కుట్టిన గుండీ కళ్ళెదుటే ఉంటే పోయిందని ఎలా నమ్ముతుంది? అడగడం నీకే చేతకాలేదు. పోయినవి నిజంగా గుమ్మం దాటాలి. ఆ చొక్కా ఎవరిదో వాళ్ళకి ఇప్పించి, అప్పుడడుగు.

లెక్కని ముందు దాని నోటితోనే కథగా చెప్పించు. మొదట ఎన్ని ఉన్నాయి, ఆ తర్వాత ఏం జరిగింది, ఇప్పుడు ఏం అడుగుతున్నారు. "కలపాలా, తీసెయ్యాలా" అని మాత్రం చచ్చినా అడగకు. గడుగ్గాయిలు, మన మొహం చూసి జవాబు పట్టేస్తారు.

పరీక్ష గురించి బెంగపడకు. ఇంకోసారి మట్టిబుర్ర అన్నావంటే ఊరుకోను.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

గుమ్మం దాటించాను! చొక్కా కుళాయిలు బాగుచేసే ఆయనది. పిచ్చుక చేత్తోనే ఇప్పించాను. ఆయన సైకిలు మలుపు తిరిగేదాకా చూసి, డబ్బాలో గుండీలు లెక్కపెట్టి "ఎనిమిదే తాతా!" అని గంతేసింది. ఇక మా ఇద్దరికీ పట్టపగ్గాల్లేవు. విరిగిన సూదులు, గుండీలకి తియ్యాల్సిన కాజాలు, లెక్క కట్టకుండా దేన్నీ వదల్లేదు.

ఒక్కచోట మాత్రం ఆగాం. నా దగ్గర పదకొండు గుండీలు, దాని దగ్గర నాలుగు, నాకెన్ని ఎక్కువ? ఏవీ ఎక్కడికీ పోలేదాయె! చివరికి నేనే రెండు వరసలు పక్కపక్కన పేర్చాను. జత దొరకనివి ఏడు. నాకే తట్టిందక్కా, ఈ వయసులో!

మన వంటింటి బల్ల గుర్తొచ్చింది. నువ్వు టకటకా లెక్కలు చేసేదానివి, నేను పెన్సిలు కొరుకుతూ చూసేవాణ్ణి. ఎంత చెప్పినా నాకెక్కేది కాదు, పాపం నీ ఓపిక! ఐదో తరగతి తప్పాక నాన్న "వీడింతే" అని నన్ను కుట్టుపనిలో పెట్టాడు. అయినా ఆ బల్ల దగ్గర ఎంత బాగుండేది!

నీ తమ్ముడు

*

నా తమ్ముడికి,

"ఎంత చెప్పినా" అని రాశావు. వారం నుంచి ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నేను నీకు ఎప్పుడూ చెప్పలేదురా.

అమ్మ మంచాన పడ్డాక నాన్న నన్ను బడి మాన్పించాడు. నీకు చెప్పడానికైతేనే పుస్తకం ముట్టుకోనిచ్చేవాడు. నీకు వచ్చేస్తే ఇక నాకు పుస్తకం ఉండదు. అందుకే నీ లెక్కలన్నీ నేనే చేసి, చూసి రాసుకోమనేదాన్ని. ఓసారి పదహారు కప్పుల్లో ఐదు పగిలాయి, ఇప్పుడేమున్నాయని లెక్క. "పదకొండు కప్పులు, బోలెడు ముక్కలు" అన్నావు. అంత చక్కటి జవాబు నా ఉద్యోగంలో మళ్ళీ వినలేదు. ఆ రోజు మాత్రం "నీకు రాదులే" అన్నాను.

పరీక్షలో పక్కన నేను లేను. నువ్వు తప్పావు. నీ బడి ఆగాక మిగిలిన ఆ పుస్తకాలతోనే ఇంట్లో చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి నేను టీచర్నయ్యాను. నీది మట్టిబుర్ర కాదు, ఆ పేరు నేను పెట్టించాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

అక్క

*

అక్కకు,

రెండు నెలలు రాయలేదు. కోపమొచ్చింది, మామూలు కోపం కాదు. ఇన్నేళ్ళూ ఒక్కో కొలతా మూడుసార్లు సరిచూసుకున్నాను. నా కూతురు లెక్క అడిగితే పని ఉన్నట్టు నటించాను. అదంతా నీ వల్లేనా అని ఉడికిపోయాను.

మొన్న పరీక్ష కాగితాలిచ్చారు. పిచ్చుకకి పదికి తొమ్మిది. ట్యూషన్ ఊసే లేదు. ఆ తప్పు పోయిన లెక్క చూస్తే అన్నిటికన్నా తేలిక. ఇదెలా పోయిందే అని అడిగాను. "కావాలనే తప్పు రాశాను తాతా. అన్నీ వచ్చేస్తే ఇక నన్ను నీ దగ్గర కూర్చోబెట్టుకోవుగా" అంది.

దాన్ని తిట్టలేకపోయాను. దగ్గరికి తీసుకుని ఏడ్చాను. అప్పుడు దానిలో నువ్వు కనిపించావక్కా. నువ్వూ అప్పటికి పన్నెండేళ్ళ పిల్లవే కదా.

ఇప్పుడు దాని క్లాసులో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకునే తీసివేతలట. అవి నాకూ రావు. నువ్వొచ్చి నాకు నేర్పాలి, వచ్చేదాకా నేర్పాలి. కోపం ఇంకా కొంచెం ఉంది. ఎదురుగా కూర్చుని నిన్ను నాలుగు తిట్టాలి. అందుకైనా రా.

నీ తమ్ముడు