టీవీ ఒప్పంది

శుక్రవారం, నవంబరు 21

ప్రియమైన అక్కయ్యకు,

చెల్లి నమస్కరించి రాయునది. నాకు కాస్త జలుబు తప్ప ఇక్కడ అందరం కులాసా. నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదని అలిగావట, పిన్ని మెసేజ్ పెట్టింది. కోప్పడకు, నా గోడు విను.

మా క్లాసులో గోడకి పెద్ద టీవీ పెట్టించాను. లెక్కల వీడియో ముందు చూపించి, తర్వాత నేను విడమరిచి చెప్పాలని పద్ధతి. ఈమధ్య చూపించడమే తప్ప చెప్పడం లేదు. అది హెడ్మాస్టారి కంట పడింది. రిమోట్ నొక్కడానికైతే అటెండరు చాలు కదమ్మా అంటూ ఇవాళ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఈ క్లాసు కూడా పోతే నాకింకేముంది అక్కా?

వీడియోలో ఆవిడ, సగమూ మూడోవంతూ కలిపితే ఎంత పిల్లలూ అని అడిగి కాసేపు ఆగింది. ముందు బెంచీలో ఒక పిల్ల ఉంది, బుడంకాయ అంటాం. పైవి పైవీ, కిందివి కిందివీ కూడేసి, ఐదింట రెండు అని అరిచింది. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిపోయిందన్నమాట! టీవీలో ఆవిడకేం తెలుసు? శభాష్, సరిగ్గా చెప్పారు అనేసి తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయింది. క్లాసంతా ఒకటే చప్పట్లు.

కాదే పిచ్చిమొద్దూ అని చెప్పాలి. నోట మాట రాలేదక్కా. బోర్డు మీద ఆరింట ఐదు అని రాసి, చాక్‌పీసుతో టకటకా కొట్టాను. బుడంకాయ లేచి వచ్చింది. మీరు తప్పు రాశారు మేడం, టీవీ ఒప్పంది కదా అని నాకే నచ్చజెప్పి, నా జవాబు తుడిచేసి, తనది రాసి కూర్చుంది. పాపం, నా పరువు కాపాడుదామనే.

హెడ్మాస్టారు నావైపే చూస్తూ కూర్చున్నారు. చూసి చూసి లేచి వెళ్లిపోయారు. సోమవారం నుంచి నేను లైబ్రరీలో కూర్చోవాలట. బోర్డు మీద ఐదింట రెండు అలాగే ఉంది.

బావగారికి నమస్కారాలు చెప్పు.

నీ చెల్లి

తా.క.: పైన నోట మాట రాలేదన్నాను చూడు, అది మాటవరసకి రాసింది కాదు. గొంతు పోయిందక్కా. ఇక రాదని డాక్టరు తేల్చేశాడు. జలుబని అందరికీ అబద్ధం చెబుతున్నాను. ఆ వీడియోలు అడిగి పెట్టించుకున్నదీ అందుకే. ఈసారి ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. నువ్వే మాట్లాడాలి.