టికెట్ల మధ్య చదువు

అన్నయ్యా,

నా కంట్రోలరు ప్రమోషన్ పరీక్ష కోసం నువ్వు పంపిన ట్యాబు అందింది. చాలా బాగుంది గానీ, కోపం తెచ్చుకోకు, నాకు పనికిరాలేదు. కదిలే బస్సులో కండక్టరుకి ఒక చెయ్యి రాడ్డుకి, ఇంకో చెయ్యి టికెట్లకి సరిపోతుంది. ట్యాబుకి మూడో చెయ్యి కావాలి.

అందుకే యూనిఫాం జేబులో పట్టే నీ పాత ఫోన్లోనే ఫ్లాష్‌కార్డులన్నీ వేసుకున్నాను. ఫోనే ప్రశ్న అడిగి, కాసేపాగి జవాబు చెబుతుంది. టికెట్లు కొడుతూనే రోజుకి నలభై కార్డులు అయిపోతున్నాయి.

ఒక్కటే తిప్పలు. ఇయర్‌ఫోన్ లేక అంతా పైకే వినిపిస్తోంది. ముందు సీట్లవాళ్లు నాకంటే ముందే జవాబులు చెప్పేస్తున్నారు. మొన్న ఒక పెద్దాయన జవాబు వినేదాకా దిగనని కూర్చుని, తన స్టాపు దాటిపోయి, నన్ను తిట్టాడు. అదీ భరించాను.

నిన్న మా డ్రైవరుగారు స్టీరింగు మీంచి చూపు తిప్పకుండానే అన్నారు: "నీ పుణ్యమా అని నాకూ అన్నీ నోటికొచ్చేశాయమ్మా. పొద్దున్నే పరీక్ష ఫీజు కట్టేశా."

మా డిపోలో కంట్రోలరు పోస్టు ఉన్నది ఒక్కటే.

ఇయర్‌ఫోన్ వెంటనే పంపు. ఆయన వినని కార్డులు ఇంకా అరవై ఉన్నాయి.

నీ చెల్లెలు