అత్తమ్మ షుగర్ మాత్రలు

బుధవారం రాత్రి, నాచారం

అత్తమ్మకు షుగర్ అదుపులోకి వచ్చిందని బస్తీ దవాఖానాలో చెప్పారు. నేను సంబరపడేలోపే ఆమె మాత్రలు మానేసి, మిగిలినవి నీరసంగా ఉందన్న పక్కింటి ఎల్లమ్మకు ఇచ్చేసింది. జ్వరం తగ్గాక మందు మానేసినట్టే ఇదీ అని అత్తమ్మ లెక్క. చిన్నప్పుడు మలేరియా నుంచి అట్లాగే లేచిన మనిషి మరి.

పరుగున వెళ్లి మాత్రలు వెనక్కి తెచ్చాను. ఎల్లమ్మ ఇంకా వేసుకోలేదు, నయం.

"మలేరియానే పోయింది గదనే, గిదెప్పుడు పోతది?" అని అడిగింది అత్తమ్మ.

"ఇది పోదత్తమ్మా, మనతోనే ఉంటది. రోజూ గోలి ఏసుకుంటె జర చెప్పినట్టు వింటది."

అత్తమ్మ గోలి మింగింది.

"ఇంట్లనే ఉంటదంటె, దానికి గూడ ఓ జొన్నరొట్టె ఎక్కువ జెయ్యి."

నవ్వుతూనే మా ఆయన వైపు చూశాను. షుగర్ పరీక్ష చేయించుకోమంటే నెలలుగా తప్పించుకుంటున్నాడు. ఎన్ని రొట్టెలు ఎక్కువ చేయాలో...