బిందె పాట మీద హక్కు

నాచారంల ఉండే మేడి ఎస్తేర్ అనే నేను, కీర్తిశేషులు మేడి దేవానందం బిడ్డను, వయసు ముప్పై నాలుగు, స్క్రీన్ ప్రింటింగు పని మీద బతికేదాన్ని, నా సొంత చేతితో రాస్తున్న వీలునామా ఇది. నా గుండె మంచిగ లేదని డాక్టర్లు రాసిచ్చిన్రు. బుర్ర మంచిగ లేదని మాత్రం ఇప్పటిదాక ఎవ్వలూ రాసియ్యలే. ఎవ్వల బలవంతమూ లేదు. కోపం ఉన్నది. కోపంల రాస్తే చెల్లుతదా అని పక్క మంచం శ్యామలాదేవమ్మ గారిని అడిగిన. ఆమె కోర్టుల గుమాస్తాగ జేసి రిటైరయిన మనిషి. "తెలివిలో ఉండి రాస్తే చాలమ్మా, కోపం గురించి చట్టంలో ఏమీ లేదు. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు, రాసుకో" అన్నరు. రాష్ట్రం పేరు ఏం రాయాలె అంటే, "ఇంకో ఐదు రోజులాగితే మారుతుంది, ఊరి పేరు రాయి చాలు" అన్నరు.

ఎల్లుండి నాకు ఆపరేషన్. చిన్నప్పటి జ్వరానికి గుండె కవాటం పాడయితే, పందొమ్మిదో ఏట తీసేసి లోహపుది పెట్టిన్రు. ఇప్పుడు దాని మీద రక్తం గడ్డగట్టింది. బతుకుత అన్న నమ్మకం సగం. గందుకే ఈ కాయితం. నా తదనంతరం అమలు గావాల్సినవి కింద రాస్తున్న.

1. ఈ వీలునామాను అమలు జేసే బాధ్యత కొమురెల్లి మామకు ఇస్తున్న. మామ మాకు చుట్టం గాదు. నాచారంల ఆయనకు లేత్ మిషన్ల షెడ్డు ఉన్నది. 2004 నుంచి ప్రతి ఆదివారం మధ్యాన్నం మిషన్లు బందయినంక ఆ షెడ్డుల మా బ్యాండు వాయించుకున్నది. బ్యాండు పేరు 'తుప్పు'. మేం ముగ్గురం: డ్రమ్ములూ గొంతూ నాది, బేస్ గిటారు మా తమ్ముడు బెన్నీది, గిటారు తేజేష్‌ది. మేం జేసేదాన్ని గ్యారేజ్ పంక్ అంటరు. పెద్ద విద్యేం గాదు, గిటారు మీద మూడు కార్డ్స్, పగిలిన స్పీకరు, లోపల మండేది బయటికి ఒర్రుడు. "గిదేం పాటనే, రేకుల మీద రాళ్ళు బడ్డట్టు" అని మామ ప్రతి ఆదివారం తిట్టిండు. ప్రతి ఆదివారం స్పీకరు వైర్లు ఆయనే అతికిచ్చిండు. మామకు ఏం రాసిచ్చినా తిడతడు గనక ఏమీ రాయట్లే.

2. మా చర్చి కమిటీ పెద్ద కనకరాజు గారికి నా డ్రమ్ముల స్టూలు ఇయ్యాలె. డ్రమ్ములు నేను నేర్సుకున్నది చర్చిలనే. నాకు పదిహేనేండ్లప్పుడు ఆయన అందరి ముందల లేపి, "ఆడపిల్ల కాళ్ళు ఎడంబెట్టి గట్ల కూసుంటదా" అని దించేసిండు. నేను లేచి పోయిన. ఆ రోజు లేచినందుకు ఇయ్యాల్టికీ నా మీద నాకే కోపం. ఆ స్టూలు మీద ఆయన ఎట్ల కూసుంటడో ఆయనిష్టం.

3. నా ప్రింటింగు చట్రాలు, రంగులు, గది అడ్వాన్సు రసీదు, మిగిలిన సీడీలు మా తమ్ముడు బెన్నీకి సర్వహక్కులతో చెందాలె. సీడీ 2007ల తీసినం, ఏడు పాటలు, అట్టలన్నీ నేనే అచ్చేసిన. నా మొదటి ఆపరేషనప్పుడు వానికి పదకొండేండ్లు. లోహపు కవాటం టిక్కు టిక్కుమంటుంటే నా ఛాతీ మీద చెవి పెట్టి లెక్కబెడుతూ నిద్రపోయేటోడు. బెన్నీ, నీకు తాళం వచ్చింది అట్లనే. ఎవ్వలకూ చెప్పలే గానీ, ఇద్దరం వాయించేటప్పుడు నువ్వు తప్పలే, నేనే తప్పిన, నీ మీద ఎగిరిన.

4. బంజారాహిల్స్‌ల ఒక బార్ ఉన్నది, దాని పేరు ఈడ రాయను. "ఇంగ్లీషు పాటలుంటే రండి, ఈ భాషల అరిస్తే మా గిరాకీ లేచిపోతది" అన్నడు దాని మేనేజరు. ఆయన కూడా తెలుగోడే. ఆయనకు ఏమీ ఇయ్యట్లేదని ఇందుమూలముగ రాసి పెడుతున్న.

5. ఇప్పుడు బిందె పాట సంగతి. ఇది జర పెద్దగుంటది. కొమురెల్లి మామ, అద్దాలు పెట్టుకొని చదువు.

2006 ఎండకాలం మా గల్లీకి నాలుగు రోజులకొక్కసారి ట్యాంకరొచ్చేది. ఒకరోజు తోపులాటల మా అమ్మ లూర్దమ్మ కింద బడ్డది. కుడి మోచెయ్యి ఇరిగింది, వంకరనే అతుక్కున్నది. బట్టల ఫ్యాక్టరీల మిషన్ కుట్టే మనిషికి ఆ చెయ్యి పోతే పని పోయినట్టే. అమ్మ ఎవ్వలనూ ఒక్క మాట అన్లే. ఇంటికొచ్చి, ఖాళీ బిందె మీద గోళ్ళతో కొట్టుకుంట కూసున్నది, అంతే. నాకు కండ్లు మండినయ్. ఆ బిందె దరువు మీదనే పాట కట్టిన. "బిందె నాది, వంతు నాది, నీళ్ళు ఎవ్వనియిరా" అని మొదలు. తేజేష్ దానికి గిటారు పట్టిండు. అది మా పాటలన్నిటిల మంచి పాట. లాలాపేట్‌ల ఒక ఫంక్షన్ హాలు సెల్లార్ల వాయిస్తే, నలభై మంది గొంతు పోయేదాక మాతోటి ఒర్రిన్రు.

2011ల అమ్మ టీవీ ముందు కూరగాయలు కోస్తున్నది. ఒక అపార్ట్‌మెంట్ల ప్రకటన వచ్చింది. పీర్జాదిగూడల కడుతున్నరట, ఈత కొలను ఉంటదట. "ఇల్లు మీది, పూల్ మీది, నీళ్ళకేం కొదువ లే" అని నవ్వుకుంట పాడుతున్నరు. అమ్మ కత్తిపీట ఆపింది. "బిడ్డా, గది నా పాట గాదా?" అన్నది.

అదే పాట. అదే దరువు. తేజేషే అమ్మిండు. మా ఇద్దరికీ ఒక్క మాట చెప్పకుండ, బిల్డరు ముందల కూసొని తనే కట్టిన అని సంతకం బెట్టిండు. ఏడేండ్లు ఒకే టిఫిన్ డబ్బాల తిన్న మనిషి.

కాలనీల కొందరు "ఆంధ్రోడు గదా, గట్లనే జేస్తడు" అన్నరు. ఆ మాట నేను ఒప్పుకోను. వాన్ని గంత సులువుగ వదిలిపెట్టను. ఊరు మోసం జెయ్యలే, జిల్లా మోసం జెయ్యలే. తేజేష్ జేసిండు. వాని పేరు మీదనే ఉండాలె ఆ తప్పు.

ఆ బిల్డరు అపార్ట్‌మెంట్లకు పూజ పెట్టుకున్న ఆదివారం పొద్దున, మామ వెల్డింగు జనరేటరును ట్రాలీ ఆటోల ఎక్కిచ్చిండు. నేనూ బెన్నీ గేటు ముందల సామాను దించి మొదలుపెట్టినం. అసలు పాట, అసలు మాటలు. ఏమయిందో తెలుసా? జనం చప్పట్లు కొట్టిన్రు. మేం ప్రకటనోళ్ళమనుకున్నరు. పిల్లలు ఎగిరిన్రు. ఒకామె "ఈత కొలను లైను మర్సిన్రు" అన్నది. నా పాటను నేనే కాపీ కొట్టినట్టయింది. నా జిందగీల గంత కోపం ఎన్నడూ రాలే. గొంతు చీరుకుపోయేటట్టు ఒర్రిన. రెండో చరణంల ఊపిరి అందలే. పడిపోయిన.

ఇది కూడా నిజం గనక రాస్తున్న: నేను పడ్డది తేజేష్ వల్ల గాదు. రక్తం పలచన జేసే గోలీలు మూడు వారాలు ఏసుకోలే. కోపంల మర్సిన. ఇంకొకటి కూడా నిజం. బిల్డరు పిలిస్తే వచ్చి లోపల పూజ వేదిక మీద ఉన్న తేజేషే దుంకి వచ్చి నన్ను ఎత్తుకున్నడు. వచ్చిన గెస్టుల కారే ఒకటి అడిగి దవాఖానాకు తెచ్చిండు. మూడు రోజులు వరండాల కూసున్నడు. తెలివొచ్చినంక లోపలికొచ్చి, "చెబితే నువ్వు ఒప్పుకోవని తెలుసు ఎస్తేర్. పాట పదిమందికీ చేరాలి కదా" అన్నడు. ఒప్పుకోనని తెలిసి జేస్తే దాన్ని దొంగతనం అంటరు అని చెప్పి, బయటికి పొమ్మన్న. పోయిండు. అప్పుడు మందులతోనే గట్టెక్కిన; మూడేండ్లయింది, వాని మొఖం సూడలే.

గందుకే రాస్తున్న: బిందె పాట మీద నాకున్న హక్కులన్నీ మా అమ్మ లూర్దమ్మవి. ఆ ప్రకటన ఆపియ్యాలని నేను కోర్టుల ఏసిన కేసు నా తర్వాత ఆమె పేరు మీద నడవాలె. నాచారం, ఉప్పల్ గల్లీలల్ల ఎవ్వలన్న ఊకెనే పాడుకుంటమంటే పాడుకోనియ్యి అమ్మా. అమ్ముకుంటమని వచ్చినోన్ని గడప ఎక్కనియ్యకు.

6. నా డ్రమ్ములు కూడా అమ్మకే. మొత్తం సెట్టు, పగిలిన కంచు తాళంతో సహా. అమ్మా, నవ్వకు. ఆదివారాలు షెడ్డు బయట గోడకు ఒరిగి నువ్వు విన్న సంగతి నాకు ఎరుకే, నీ చీర కొంగు రేకు సందుల కనపడేది. నాయిన కొట్టినా, కనకరాజు నన్ను దించినా, చెయ్యి ఇరిగినా, నువ్వు అరవంగ నేను ఒక్కసారి సూడలే. ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గదా. కోపమొచ్చినప్పుడు కొట్టు. తాళం కుదరకపోతే పోనీ. గల్లీ మొత్తం వినాలె.

7. తేజేష్‌కు నా వస్తువులల్ల ఒక్కటి గూడ లేదు. పని మాత్రం ఉన్నది. సీడీల ఎక్కనియి ఇంకా ఆరు పాటలున్నయ్. అవి యాడా రాసిలేవు, మా ముగ్గురి చేతులల్లనే ఉన్నయ్. వాటి గిటారు వానికొక్కనికే వచ్చు. నేను పోతే, వాడు నేర్పకపోతే, ఆ పాటలు కూడా పోతయ్. ఇది రాసుడు నాకు ఆపరేషన్ కన్న కష్టంగున్నది. గానీ పాటలు నా కోపం కన్న పెద్దయి.

కాబట్టి తేజేష్ ఆరు ఆదివారాలు కొమురెల్లి మామ షెడ్డుకు వచ్చి, ఆ ఆరు పాటలు బెన్నీకి చేతికి వచ్చేదాక నేర్పాలె. మామ షెడ్డు తెరవాలె. ఎవ్వలూ వాన్ని కొట్టొద్దు. తిట్టచ్చు. ఛాయ్ పొయ్యాలె. ఇది క్షమించుడు గాదు, అట్లని ఎవ్వలూ వానికి చెప్పొద్దు.

8. ఎల్లుండి ఆపరేషన్ మంచిగయి నేను ఇంటికొస్తే పైన రాసినవన్నీ రద్దు. కనకరాజు గారి స్టూలు కూడా రద్దు, అది నాకే కావాలె. ఏడో అంశం మాత్రం రద్దు గాదు. తేజేష్ రావాలె. నేను డ్రమ్ముల ముందల కూసొనుంట. మొదటి తిట్టు నాది.

చదువుకొని, నా ఇష్టపూర్తిగ సంతకం జేసిన.

తేదీ: 28 మే 2014, బుధవారం
స్థలం: ఆడోళ్ళ వార్డు, దవాఖానా

(సంతకం) మేడి ఎస్తేర్

సాక్షులు:
1. శ్యామలాదేవి, రిటైర్డు కోర్టు గుమాస్తా, కాప్రా
2. విజయశ్రీ, స్టాఫ్ నర్సు