ఎవరూ ముట్టని మామిడి ముక్కలు

అక్కా,

నువ్వు పోయిన నాలుగేళ్లకు, దుమ్ముగూడెం అవతల నువ్వు పాఠాలు చెప్పిన బడికే ఈ ఏడాదే టీచర్‌గా వచ్చాను. ఈ మార్చిలో జర్మనీ నుంచి మారియా అనే అమ్మాయి అక్కడికి వాలంటీర్‌గా వచ్చింది. మొదటి వారమే సంతలో మామిడికాయలు కొని, ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది పిల్లల ముందు పెట్టింది. నోరూరుతున్నా ఒక్కరూ ముట్టలేదు. పాపం, మారియా మొహం చిన్నబోయింది.

ఇరవై ఏళ్ల కిందట, ఇక్కడ నీ మొదటి ఏడాదీ ఇంతే కదా! నువ్వు పెట్టిన మామిడి ముక్కలూ పిల్లలెవరూ ముట్టలేదు. "నేనంటే వాళ్లకు ఇష్టం లేదేమోనే" అని ఫోన్‌లో ఏడ్చావు. అది గుర్తొచ్చి నాలుగో తరగతి లచ్చిమిని పక్కకు పిలిచాను.

"ఏందే, ఎందుకు తింటలేరు?"

"మా ఊర్లె ఇంక మామిడి పండుగ కాలే టీచర్. దేవుడికి పెట్టకముందు కొత్త కాయ ఎట్ల తింటం?"

ఈ సంగతి నువ్వు కనుక్కున్నావా అక్కా? కనుక్కుని నాకు చెప్పడం మరిచిపోయావా?

పండుగైన మర్నాడు పిల్లలు సంచుల్లో కాయలు తెచ్చారు. మారియాకు ఇచ్చాక లచ్చిమి నా చేతిలో రెండు పెట్టింది.

"ఒకటి మీ అక్కది. మా అమ్మ చిన్నప్పుడు ఈ బళ్లెనే ఆమె పెడితే తినలేదట. గందుకే పంపింది."

నీ కాయ కూడా నేనే తిన్నానక్కా. బాగా పుల్లగా ఉంది.