మావయ్య రెండో గదీ, నేను చుట్టేసిన చాపా

మౌంట్ రాస్కిల్, ఆక్లండ్
జూన్ 2006

శ్రీ లక్ష్మణరావు గారికి,
అద్దె సాయం ఆఫీసరు.

అయ్యా,

విషయం: మా మావయ్య వీరభద్రం గారి ఫ్లాట్‌లో రెండో గది ఖాళీ అని తమరు రాసిన దాని గురించి.

నా పేరు విష్ణు. పదిహేడేళ్లు. స్కూలు మధ్యలో మానేసి శాండ్రింగ్‌హామ్‌లో కూరగాయల కొట్లో చేస్తున్నాను. తమరు ఫ్లాట్ చూడ్డానికి వచ్చినరోజు కాఫీ ఇచ్చి వంటగదిలోకి పారిపోయినవాడిని నేనే. మనిషి ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు. అందుకని ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా మెసేజులు కొడితే మా అమ్మ రమామణి కాగితం మీద ఎక్కించింది. ఇందులో 'తమరు'లన్నీ అమ్మవి. మిగతాది నాది.

1. మావయ్యకి కండరాల జబ్బు. పడుకున్నాక తనంతట తాను పక్కకి తిరగలేడు. తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. కఫం అడ్డుపడితే లేపి కూర్చోబెట్టాలి, లేకపోతే ఊపిరాడదు. పగలు సాయానికి ఒకావిడ వస్తుంది. రాత్రికి ఎవరూ రారు. నేను అమ్మ దగ్గర అన్నం తిని ఇక్కడికొచ్చి, రెండో గదిలో తలుపు తీసిపెట్టుకుని పడుకుంటాను. ఆయన గదిలో వీల్‌చెయిరూ, ఆయన్ని ఎత్తే మిషనూ పోను కాలు పెట్టే చోటు లేదు.

2. తమరొస్తున్నారని తెలిసి మావయ్య నన్ను నిలవనియ్యలేదు. "ఒరేయ్, మన తెలుగాయన వస్తున్నాడట్రా. ఇల్లు ఆస్పత్రిలా ఉంటే ఏం బాగుంటుంది?" అన్నాడు. మందులూ, బేసినూ, కఫం లాగే మిషనూ అన్నీ గరాజ్‌లో దాచాను. గడ్డం గీశాను. ఆయన ఆఫీసుకెళ్లే రోజుల నాటి టై కట్టాను. నా చాప చుట్టి బీరువా వెనక పెట్టాను. తమరు "ఎలా ఉన్నారండీ?" అన్నారు. "మీ దయవల్ల బ్రహ్మాండం" అన్నాడు మావయ్య. తమరు అదే రాసుకున్నారు.

అయ్యా, తమది తెనాలి అని తమరే చెప్పారు. ఇంటికొచ్చినాయన ఎలా ఉన్నారంటే తెనాలిలో "చస్తున్నానండీ, రండి, పెసరట్టు తినండి" అంటారా? రెండు పెసరట్లు తిని, అల్లం పచ్చడి మళ్లీ వేయించుకుని, "రాత్రి సాయం అవసరం కనపడలేదు" అని రాశారు. పచ్చడి మాత్రం కనపడింది.

రెండో గదిలో మంచం లేదు కాబట్టి ఎవరూ పడుకోరట. తెల్లారాక కూడా చాప పరిచే ఉంచే ఇల్లు తమరెక్కడైనా చూశారా?

3. అమ్మ ఫోన్ చేస్తే తమ ఆఫీసులో అమ్మాయి రూల్ చెప్పింది. జీతానికొచ్చే బయటిమనిషి రాత్రిళ్లు ఉంటే గది ఇస్తారట. చుట్టమైతే గెస్టేనట, గెస్టుకి గది ఉండదట. మా అమ్మ వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ చేస్తుంది. ఎవరి నాన్ననో పక్కకి తిప్పుతుంది కాబట్టి అక్కడ ఆమెకి గదీ, మంచమూ, హీటరూ ఉన్నాయి. సొంత తమ్ముణ్ణి తిప్పడానికి ఇక్కడికొస్తే గెస్టు. నన్ను పక్కింటి సమోవా ఆంటీకి దత్తత ఇచ్చేస్తే గది ఇస్తారా? అడిగాను. ఆవిడ సరేనంది.

4. వచ్చే నెల నుంచి రెండో గదికి సాయం ఆపేస్తామన్నారు. బదులుగా ఒకే గది ఉన్న యూనిట్ చూపించారు. వెళ్లి చూశాను. రాత్రిళ్లు బయటివాళ్లు ఉండరాదని గేటు మీద బోర్డుంది. అంటే మావయ్య ఒక్కడే పడుకోవాలి. ఊపిరాడకపోతే వచ్చి లేపి కూర్చోబెట్టమని ఆ బోర్డుని పిలవాలా?

కావున రెండో గది తీసెయ్యకుండా ఉంచవలసిందిగా మనవి. మంచమే కావాలంటే మా కొట్టు ఓనరు పాతది ఇస్తానన్నాడు. తమరు చూసుకోడానికి వేస్తాను. నేను పడుకునేది చాప మీదే.

ఈసారైనా కళ్లతో చూసి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విష్ణు
(రూల్ ప్రకారం గెస్టు)

తా.క.: ఇది చదివి వినిపిస్తే మావయ్య "ఆఫీసరుతో ఇలాగట్రా మాట్లాడేది? ఆ పచ్చడి మాట కొట్టెయ్" అన్నాడు. కొట్టెయ్యలేదు. మళ్లీ వస్తే రాత్రిపూట రండి, చెప్పకుండా రండి. చెబితే ఆయన టై కట్టమంటాడు. ఆయన అడిగితే నేను కట్టకుండా ఉండలేను.