చుట్టుదారి

సరగోసా,
అక్టోబరు, ఆదివారం.

ప్రియమైన అసున్సియోన్ అక్కకు,

అమ్మా నేనూ క్షేమం. నువ్వూ, మఠంలో నీ తోటివాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఎప్పుడూ రాసే "ఇక్కడ అందరం" అన్న మాట ఈసారి రాయలేకపోయాను. ఓర్తెన్సియా పెద్దమ్మ పోయింది. గురువారం మధ్యాహ్నం, నిద్రలోనే. శుక్రవారం ఖననం చేశారు. నీ జ్ఞానస్నానం నాడు నిన్ను ఎత్తుకున్న చేతులు ఆమెవే. కాసేపు ఆగి మిగతాది చదువుకో.

నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను. చలి మొదలయ్యాక అమ్మ మోకాలు మళ్ళీ సలుపుతోంది. గుండె మాత్రం మందులకు లొంగి నడుస్తోంది. ఈ ఏడు మన పెరటి సీమదానిమ్మలాంటి పుల్లటి మెంబ్రియో పండ్లు బాగా వచ్చాయి. అమ్మ వాటితో హల్వా వండింది, ఇల్లంతా ఇంకా అదే వాసన. ప్రార్థన చేస్తున్నావా అని అడిగావు. మొదలుపెడతాను. సగంలో, అసలు ఎవరితో మాట్లాడుతున్నానా అని అనుమానం వస్తుంది. నీకు అబద్ధం రాయలేను.

అమ్మ ఎప్పటికైనా ఊరికి వస్తానంటుందా అనీ అడిగావు. అంది. తాతయ్య పోయినప్పుడు కొండదారి మంచుతో మూసుకుపోయి మన బస్సు మధ్యలో నిలిచిపోతే, తన కోసం ఒక్క పూట కూడా ఆగకుండా పెద్దమ్మ ఖననం జరిపించేసిందని పదకొండేళ్ళు మాట మానేసిన మనిషి, తనంతట తనే అంది: "శనివారం పోదామే. హల్వా పట్టుకెళ్తా. అది తలుపు తీస్తే తీస్తుంది, లేకపోతే గుమ్మంలో పెట్టి వచ్చేస్తా." ఇది బుధవారం మాట. మర్నాడు సాయంత్రం పెద్దమ్మ కొడుకు ఫెర్మీన్ ఫోన్ చేశాడు.

నేను అమ్మకు చెప్పలేదు. గుండెకు ఒక్కసారిగా అదురు తగలకూడదని డాక్టరు అన్నాడు కదా. చిన్నప్పటి వీధులన్నీ మెల్లగా తిప్పి, మనసు కాస్త మెత్తబడ్డాక ఏ గోడ మీదో కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. నిన్న అలాగే తీసుకెళ్ళాను.

మన ఊళ్ళో చావు కబురు గోడలే చెబుతాయన్న సంగతి బస్సు దిగాకగానీ గుర్తు రాలేదు. వంతెన మొదట్లోనే పెద్దమ్మ పేరుతో నల్లంచు కాగితం అంటించి ఉంది. కోటద్వారం దగ్గరా, రొట్టెల దుకాణం పక్కనా, చర్చి తలుపు మీదా కూడా ఉంటుంది. అమ్మ చూడకుండా అడ్డు నిలబడి, చెయ్యి పట్టుకుని ఏటి గట్టు మీదికి మళ్ళించాను.

"ఇటెందుకే?"

"ఎండ బాగుంది కదమ్మా, నడుద్దాం."

గట్టు మీద చెట్లన్నీ పసుపెక్కి ఉన్నాయి. పాత ప్రాకారం వెనక మెట్లు ఎక్కాం. రెండు మెట్లకోసారి ఆగి, అమ్మ కింద కనిపించే కప్పులకేసి చెయ్యి చూపించేది. బట్టలుతికే తొట్టి దగ్గర నవ్వింది. "ఇక్కడే మీ పెద్దమ్మ నా జడ కత్తిరించింది. మళ్ళీ అమ్మ తంతుందని భయపడి, తెగిన జడనే రిబ్బనుతో కట్టి పెట్టింది. రాత్రి పడుకోబోతుంటే ఊడి మా అమ్మ చేతిలోకొచ్చింది!" అలా నవ్వుతున్న మనిషికి ఎలా చెప్పను? గోడలు చాలానే దాటాం. ఏ గోడ మీదా కూర్చోబెట్టలేదు.

చర్చి వీధి వచ్చేసరికి మళ్ళీ పక్క సందులోకి తిప్పాను.

"ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపిస్తున్నావేమే? వాళ్ళిల్లు అదిగో, ఆ కనబడేదే. నన్నేమైనా పెళ్ళికూతుర్ని చేసి ఊరేగిస్తున్నావా?"

సందు చివర బెంచీ మీద సాతుర్నినో ఉన్నాడు. గుర్తుందా, మనకు అత్తిపళ్ళు ఇచ్చి, గింజలు మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని ఏడిపించే ముసలాయన. కళ్ళతో ఎంత సైగ చేసినా ఆయన చూపుకు ఆనలేదు. లేచి నిలబడి టోపీ తీశాడు.

"ఫెలీసా, నీ దుఃఖంలో నేనూ ఉన్నానమ్మా. నిన్న నువ్వు కనబడకపోతే, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం."

అమ్మ ఆయనకేసి చూసింది, నాకేసి చూసింది. నా చేతిలోంచి చెయ్యి విడిపించుకుని తిన్నగా చర్చి తలుపు దగ్గరికి నడిచింది. కాగితం మీద వేలు పెట్టి, దుఃఖంలో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివింది. కొడుకు, కోడలు, మనవరాలు, మరుదులు. వేలు అడుగుదాకా దిగి ఆగింది.

"నేను లేను," అంది. వేలు తీసేసి, "సరేలే. నేను మర్చిపోలేదు, అదీ మర్చిపోలేదు," అంది.

తర్వాత నన్ను పెన్ను అడిగి, కాగితం అడుగున "చెల్లెలు ఫెలీసా" అని రాసింది. సమాధి దగ్గరికి రాలేదు. బస్సులో వచ్చినంతసేపూ హల్వా డబ్బా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

అక్కా, ఇంతసేపూ నేను కూడా చుట్టుదారిలోనే నడుస్తున్నాను. అసలు సంగతి ఇది. శనివారం వస్తున్నామని నేను చెబితే, ఫోన్లో ఫెర్మీన్ అన్నాడు: "కాగితం మీద పిన్ని పేరే మొదట వెయ్యమని అమ్మ ఎప్పుడో చెప్పి పెట్టింది. ఖననానికి తను వచ్చేదాకా ఆగమని కూడా చెప్పింది. శనివారం దాకా ఆపనా?" నేను వద్దన్నాను. పేరూ వెయ్యొద్దన్నాను, ఎవరైనా చూసి పరామర్శకు ఫోన్ చేస్తారని. డాక్టరు మాట నిజమేగానీ, అదొక్కటే కాదు. నువ్వు ఆ మఠం గోడల వెనక ఉన్నావు, అమ్మ ఏడుపు దగ్గర నేను ఒక్కదాన్నే ఉండాలి. దానికి జడిశాను. ఆనాడు పెద్దమ్మ చేసిన పనే నేనూ చేశాను. ఆమెకు మంచు అడ్డుపడిందన్న సాకైనా ఉంది.

తన అక్క చివరిదాకా తనను తుడిచేసిందనే అమ్మ నమ్ముతోంది. నోటితో చెప్పబోయి రాత్రి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. నీకు రాసే ఉత్తరం అడుగున అమ్మ ఎప్పుడూ రెండు ముక్కలు రాస్తుంది కదా. అందుకే దీన్ని అతికించకుండా ఆమెకిచ్చి, వంటింట్లో కూర్చుంటాను. కింద ఖాళీగా ఉంటే ఎందుకో నీకే తెలుస్తుంది. నీ ప్రార్థనలో మా ముగ్గురినీ తలుచుకో, పెద్దమ్మను ముందు.

ఇట్లు,
నీ చెల్లెలు
ఎస్తేర్

అసున్, చదివాను. రెండుసార్లు చదివాను. నీ చెల్లెలితో ఇవాళ మాట్లాడను. అది వంటింట్లో కుళాయి తిప్పి ఏడుస్తోంది, నాకు వినబడదనుకుంటోంది. మాట మానెయ్యడం నాకు అలవాటే గానీ, ఇంకో పదకొండేళ్ళు నా దగ్గర లేవు. రేపు పొద్దున మాట్లాడతాలే. వచ్చే శనివారం అక్క దగ్గరికి హల్వా పట్టుకెళ్తున్నాం. ఈసారి నన్ను దగ్గర దారిన తీసుకెళ్ళమని దానికి నువ్వు కూడా రాయి.

అమ్మ